జేబులో ఫోను.. మందు మానిపిస్తుందా?

తాగుడు వదిలించే యాప్‌లు వచ్చేశాయి ● చిక్కపేటకు ఐదారు కిలోమీటర్లలోనే నిమ్హాన్స్ ● తెలుగులో మాట్లాడే ఉచిత నంబర్లూ ఉన్నాయి ● తెలిసినవాళ్లే తక్కువ

చిక్కపేట (బెంగళూరు):

పొద్దున పది కొట్టేసరికి చిక్కపేటలో షట్టర్లు లేస్తాయి. ధర్మవరం పట్టుచీరల మూటలు దిగుతాయి. అటు బళేపేట, మామూలుపేట, ఇటు అవెన్యూ రోడ్డు.. ఏ సందులోకి తిరిగినా కన్నడంతో పాటు తెలుగూ చెవిన పడుతుంది. చీరల కొట్లో సేల్స్‌మన్‌ది మదనపల్లె అయితే, మూటలు మోసే హమాలీది హిందూపురం. సరుకు కొనడానికి వచ్చిన ఆసామిది కుప్పమో, కదిరో అయ్యుంటుంది. 1537లో కెంపేగౌడ కట్టించిన పేటలో మనవాళ్లకు ఇప్పటికీ ఇంత చోటు ఉంది.

రాత్రి షట్టర్లు దిగాక సంగతి వేరు. రోజంతా నిలబడిన కాళ్లు, మూటలు మోసిన భుజాలు నేరుగా రూముకు పోవాలి కదా! కొందరివి పోవు. మెజెస్టిక్ వైపో, కాటన్‌పేట వైపో తిరుగుతాయి. మొదట శనివారం మాత్రమే అనుకుంటారు. తర్వాత రోజూ రాత్రి. ఆ తర్వాత పొద్దున చేతులు వణక్కుండా ఉండాలంటే ఒక 'నైంటీ' పడాల్సిందే అనే దాకా వస్తుంది. ఊళ్లో భార్యకు ఈ సంగతి తెలియడానికి ఏళ్లు పడుతుంది. పంపే డబ్బు తగ్గినప్పుడే అనుమానం మొదలవుతుంది.

అలాంటివాడు వైద్యానికి ఎందుకు పోడు? సెలవు పెడితే ఆ రోజు కూలి పోతుంది. ఓనరుకు తెలిస్తే ఉద్యోగం పోతుంది. ఊరికి తెలిస్తే పరువు పోతుంది. మరి డాక్టరే అతని జేబులోకి వస్తే? కొన్నేళ్లుగా ప్రపంచమంతా ఈ ప్రశ్నే వేసుకుంటోంది. తాగుడు, పొగాకు, మత్తుమందుల అలవాటు వదిలించేందుకు సెల్‌ఫోన్ యాప్‌లు తయారయ్యాయి. అవి పనిచేస్తాయా? ఎవరికి పనిచేస్తాయి? మన భాషలో ఏమున్నాయి? ఎక్కడ జాగ్రత్త పడాలి? ఒక్కొక్కటే చూద్దాం.

38 మందిలో ఒక్కరికే..

ముందు సమస్య ఎంత పెద్దదో తెలియాలి. కేంద్ర సామాజిక న్యాయ మంత్రిత్వ శాఖ కోసం ఢిల్లీ ఎయిమ్స్ దేశమంతా సర్వే చేసి 2019లో నివేదిక ఇచ్చింది. 10 నుంచి 75 ఏళ్ల మధ్య వయసు వాళ్లలో 14.6 శాతం మంది, అంటే సుమారు 16 కోట్ల మంది మద్యం తాగుతున్నారని తేల్చింది. వీరిలో దాదాపు 5.7 కోట్ల మందికి ఆ తాగుడు వల్ల హాని జరుగుతోంది, లేదా అది లేకుండా ఉండలేని స్థితి ఉంది.

అంతకన్నా బాధ కలిగించే లెక్క ఇంకొకటి అదే నివేదికలో ఉంది. మద్యానికి బానిసలైన ప్రతి 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక వైద్య సాయం అందుతోంది. ఆసుపత్రిలో చేరి చికిత్స పొందేది 180 మందిలో ఒక్కరే. ఆ మిగిలిన 37 మంది ఏమైపోతున్నారు? వాళ్ల కోసమే ఫోను వైద్యం గురించి మాట్లాడుకోవాలి. యాప్ మంచిదా, ఆసుపత్రి మంచిదా అన్నది వాళ్లకు సంబంధించిన ప్రశ్నే కాదు. వాళ్లకు ఈరోజు ఏదీ లేదు!

సరిహద్దు జిల్లాల వాళ్లకు ఇంకో సంగతి బాగా తెలుసు. ఒక రాష్ట్రంలో తలుపు మూస్తే పక్క రాష్ట్రంలో కిటికీ తెరుచుకుంటుంది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు కొంగు బిగిస్తే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సారా పోయింది. 1995లో మద్యనిషేధం వచ్చింది, 1997లో సడలింది. కర్ణాటకలో 2007 జులై నుంచి సారా నిషేధించారు. 2019 తర్వాత ఏపీలో ధరలు పెరిగి బ్రాండ్లు మారిపోతే, కర్ణాటక టెట్రా ప్యాకెట్లు గట్టు దాటి పోవడం, చెక్‌పోస్టుల్లో పట్టుబడటం మనం చూసిందే. చట్టం సీసాను ఆపగలదు. తాగాలన్న తహతహను ఆపేది మాత్రం వైద్యమే.

యాప్‌లో ఏముంటుంది?

'ఫోన్లో వైద్యమా? అదేం మాత్రా, ఇంజెక్షనా?' అని నవ్వేవాళ్లుంటారు. నిజానికి తాగుడు మాన్పించే వైద్యంలో మందుబిళ్లలు ఒక భాగమే. రెండో భాగం మాటలతో, ఆలోచనతో చేసే చికిత్స. ఎప్పుడు తాగాలనిపిస్తోంది? ఎవరితో ఉన్నప్పుడు? ఏ దారిలో పోయినప్పుడు? ఏ బాధ గుర్తొచ్చినప్పుడు? వీటిని గుర్తుపట్టి ఒక్కోదానికి ఒక్కో విరుగుడు నేర్పిస్తారు. నిపుణులు దీన్ని కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ అంటారు. ఆలోచన మార్చి అలవాటు మార్చే పద్ధతి అనుకోండి.

ఈ పాఠాలను చిన్న చిన్న ముక్కలుగా కోసి ఫోన్లో పెట్టడమే యాప్ చేసే మొదటి పని. రెండోది, రోజూ అడగడం. ఈ రోజు తాగారా? ఎంత? తాగాలనిపించిందా? జవాబులు నింపుతూ పోతే నెల తిరిగేసరికి మనిషి తన అలవాటును తానే పటంలా చూసుకోగలుగుతాడు. జీతం పడిన రోజు, భార్యతో ఫోన్లో గొడవైన రోజు, వ్యాపారం బాగా సాగి దోస్తులు పిలిచిన రోజు.. తాగుడు ఎప్పుడెప్పుడు తన్నుకొస్తోందో కళ్లకు కడుతుంది.

మూడోది అసలైనది. కోరిక పుట్టిన క్షణంలో చేతిలో ఉండటం. తాగాలన్న కోరిక అల లాంటిది అని వైద్యులు చెబుతారు. లేస్తుంది, పైకెక్కుతుంది, చాలాసార్లు అరగంటలోపే దిగిపోతుంది. ఆ అరగంట దాటించడమే పని. కౌన్సెలర్ వారానికోసారి దొరుకుతాడు. అల మాత్రం రాత్రి తొమ్మిదిన్నరకు, బారు బోర్డు ముందు లేస్తుంది. అప్పుడు పక్కనుండేది ఫోనే.

ఉదాహరణకు ఒక హమాలీని ఊహించుకోండి. రోజూ పని అయ్యాక ఒకే దారిలో నడుస్తాడు. ఆ దారిలో ఎమ్మార్పీ షాపు ఉంటుంది. 'దారి మార్చు, ముందు కడుపునిండా తిను, ఇంటికి ఫోను చెయ్యి' అనే మూడు మాటలు సరిగ్గా ఆ వేళకు ఫోన్లో మోగితే ఆ రోజు గండం గడవచ్చు. చూడ్డానికి చిన్న విషయమే. కానీ ఆకలి, కోపం, ఒంటరితనం, అలసట.. ఈ నాలుగూ తాగుడుకు దారి తీస్తాయని వైద్యం ఎప్పటి నుంచో చెబుతోంది. చిక్కపేట కూలికి రాత్రయ్యేసరికి ఈ నాలుగూ ఒకేసారి పోగవుతాయి.

లెక్కలు ఏమంటున్నాయి?

అమెరికాలో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం వాళ్లు 'ఎ-చెస్' అనే ఫోన్ ప్రోగ్రాం తయారు చేశారు. డీఅడిక్షన్ కేంద్రాల నుంచి ఇంటికి వెళ్తున్న 349 మందిని తీసుకుని, సగం మందికి మామూలు చికిత్సతో పాటు ఈ ప్రోగ్రాం ఉన్న ఫోను ఇచ్చారు. మనిషి తన పాత తాగుడు అడ్డా దగ్గరికి వెళ్తే ఫోను పసిగట్టి హెచ్చరిస్తుంది. ఆపదలో నొక్కడానికి ఒక బటన్ కూడా పెట్టారు. 2014లో ఫలితాలు వచ్చాయి. మామూలు చికిత్స ఒక్కటే తీసుకున్నవాళ్లు నెలకు సగటున 2.75 రోజులు మితిమీరి తాగితే, ఫోను ఉన్నవాళ్లు 1.39 రోజులే తాగారు. ఇంచుమించు సగం.

2017 సెప్టెంబరులో ఇంకో అడుగు పడింది. మత్తు అలవాట్లకు వైద్యం చేసే 'రీసెట్' అనే యాప్‌కు అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ అనుమతి ఇచ్చింది. డాక్టర్ చీటీ రాస్తేనే దొరికే యాప్ అది. 12 వారాల కోర్సు. మద్యం, గంజాయి, కొకైన్ లాంటి వాటికి పనికొస్తుంది. నల్లమందు జాతి మత్తుకు దీన్ని వాడకూడదన్నారు. పరీక్షల్లో ఈ యాప్ వాడినవాళ్లలో 40.3 శాతం మంది మత్తుకు దూరంగా నిలబడితే, వాడనివాళ్లలో 17.6 శాతం మందే నిలబడ్డారు. ఒక సంగతి గమనించాలి. యాప్ వాడినవాళ్లు ఆసుపత్రికీ వెళ్తూనే ఉన్నారు. యాప్ ఆసుపత్రికి తోడుగా పనిచేసింది, దాని బదులుగా కాదు.

ఇంత పేరొచ్చిన ఆ యాప్ కంపెనీ ఏమైందో తెలుసా? 2023 ఏప్రిల్‌లో దివాలా పిటిషన్ వేసింది. వైద్యం పనిచేసినా బీమా సంస్థలు డబ్బు కట్టడానికి ముందుకు రాలేదని కంపెనీ పెద్దలు చెప్పారు. తర్వాత ఆ యాప్‌ను వేరే సంస్థ కొనుక్కుంది. జర్మనీ ఇంకో దారి పట్టింది. 2019లో చట్టం చేసి, పరీక్షకు నిలిచిన ఆరోగ్య యాప్‌లను డాక్టర్లు రాసిస్తే ప్రభుత్వ బీమాయే డబ్బు చెల్లించే ఏర్పాటు చేసింది. మద్యం తగ్గించుకునే ప్రోగ్రాం కూడా ఆ జాబితాలో చేరింది. అంటే యాప్ మంచిదైతే సరిపోదు. దాని ఖర్చు ఎవరు మోస్తారన్నది తేలాలి.

మాట సాయమూ మందే

మన దేశంలో జరిగిన ఒక పనిని ఇక్కడ చెప్పుకోవాలి. గోవాలో సంగత్ అనే సంస్థ డాక్టర్లు కాని మామూలు మనుషులకు శిక్షణ ఇచ్చి, పీహెచ్‌సీలకు వచ్చే తాగుడు అలవాటున్న మగవాళ్లకు కౌన్సెలింగ్ ఇప్పించింది. 377 మందిపై చేసిన ఈ పరిశోధన 2017లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చింది. మూడు నెలల తర్వాత చూస్తే కౌన్సెలింగ్ అందినవాళ్లలో 42 శాతం మంది గత రెండు వారాల్లో చుక్క ముట్టలేదు. మిగతావాళ్లలో అది 18 శాతమే. కొన్ని విడతలు కూర్చోబెట్టి మాట్లాడినందుకే ఇంత తేడా!

ఈ లెక్క మనకేం చెబుతోంది? భాష తెలిసిన మనిషి, కించపరచకుండా, పద్ధతిగా మాట్లాడితే తాగుడు తగ్గుతుంది. ఆ మనిషి ఎదురుగా కూర్చున్నా, ఫోన్లో మాట్లాడినా, అసలు బలం ఆ మాటలోనే ఉంది. మన దేశంలో ఫోను వైద్యం యాప్‌ల కన్నా ముందు ఫోన్ కాల్స్ రూపంలో బలపడటం ఇందుకే మంచిదయింది.

ఇంటి పక్కనే నిమ్హాన్స్

చిక్కపేట నుంచి హొసూరు రోడ్డులోని నిమ్హాన్స్‌కు ఐదారు కిలోమీటర్లే. దేశంలో మానసిక వైద్యానికి పెద్ద దిక్కు అది. మత్తు అలవాట్ల చికిత్సకు అక్కడ ప్రత్యేకంగా సెంటర్ ఫర్ అడిక్షన్ మెడిసిన్ ఉంది. మన సరిహద్దు ప్రాంతానికి నిమ్హాన్స్ కొత్తేం కాదు. తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే బళ్లారి జిల్లాలో 1980లలో ఈ సంస్థ చేసిన ప్రయోగమే తర్వాత దేశానికి దారి చూపింది. పీహెచ్‌సీ డాక్టర్లకు మానసిక వైద్యం నేర్పిన ఆ 'బళ్లారి నమూనా' మీదే 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం మొదలైంది.

అదే పనిని నిమ్హాన్స్ 2014 నుంచి ఫోన్లు, కంప్యూటర్ల ద్వారా చేస్తోంది. దూరాన ఉన్న జిల్లాల డాక్టర్లు వీడియోలో చేరి, తమ దగ్గరికొచ్చిన తాగుడు కేసుల గురించి ఇక్కడి నిపుణులను అడిగి తెలుసుకుంటారు. రోగి బెంగళూరు దాకా రావాల్సిన పని లేకుండా బెంగళూరు బుద్ధి ఊరికి చేరుతుంది. 2020 మార్చిలో కేంద్రం టెలిమెడిసిన్ నిబంధనలు తెచ్చాక డాక్టరు వీడియోలో చూసి మందులు రాయడానికీ దారి దొరికింది.

ఇక అందరూ గుర్తుపెట్టుకోవాల్సిన నంబరు 14416. పేరు టెలి మానస్. 2022 అక్టోబరు 10న, ప్రపంచ మానసిక ఆరోగ్య దినం నాడు మొదలైంది. దీనికి నిమ్హాన్సే పెద్ద కేంద్రం. సాంకేతిక సాయం బెంగళూరు ట్రిపుల్ ఐటీది. రోజంతా, రాత్రంతా పనిచేస్తుంది. పైసా ఖర్చు లేదు. 20 భాషల్లో సేవలున్నాయి, అందులో తెలుగూ ఉంది. 2025 నాటికి వచ్చిన కాల్స్ 20 లక్షలు దాటాయి. 2024 అక్టోబరులో టెలి మానస్ మొబైల్ యాప్ కూడా వచ్చింది. అప్పుడే వీడియోలో డాక్టరుతో మాట్లాడే సౌకర్యాన్ని కర్ణాటక, తమిళనాడు, జమ్మూకశ్మీర్‌లలో మొదట మొదలుపెట్టారు. చిక్కపేటలో పనిచేసే మదనపల్లె కుర్రాడు ఈ లెక్కన అదృష్టవంతుడే. తెలియాలి, అంతే.

పొగాకు, గుట్కా, హాన్స్ లాంటివి మానాలనుకునేవాళ్లకు 1800-11-2356 ఉంది. జాతీయ పొగాకు క్విట్‌లైన్ అంటారు. దక్షిణాది భాషల్లో మాట్లాడే కేంద్రాన్ని 2018లో నిమ్హాన్స్‌లోనే పెట్టారు. ఒకసారి ఫోను చేస్తే మానే తేదీ పెట్టుకోమంటారు, తర్వాత వాళ్లే మళ్లీ ఫోను చేసి ఎలా ఉన్నారని అడుగుతారు.

ఉన్నట్టుండి మానేస్తే ప్రమాదం!

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి చదవండి. యాప్‌ల గురించి చాలామంది చెప్పని సంగతి ఇదే.

ప్లే స్టోర్‌లో తాగుడు మానిపించే యాప్‌లు బోలెడు దొరుకుతాయి. ఎక్కువ వాటి పని రోజులు లెక్కపెట్టడం. 'మీరు తాగక 1 రోజు.. 2 రోజులు.. శభాష్!' అంటూ పతకాలిస్తాయి. అప్పుడప్పుడూ తాగేవాడికి ఇది ప్రోత్సాహమే. ఏళ్ల తరబడి రోజూ తాగుతూ, పొద్దున్నే వణుకు పుట్టేవాడికి మాత్రం ఇదే ప్రాణాల మీదికి తేవచ్చు.

ఎందుకంటే శరీరం మద్యానికి పూర్తిగా అలవాటుపడ్డాక ఒక్కసారిగా ఆపేస్తే ఎదురు తిరుగుతుంది. కొన్ని గంటల్లోనే చేతుల వణుకు, చెమటలు, గుండెదడ మొదలవుతాయి. మొదటి ఒకట్రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండు మూడు రోజులకు మతి తప్పి, లేనివి కనిపించి, వినిపించి, ఎక్కడున్నాడో తెలియని స్థితి రావచ్చు. దీన్ని డెలీరియం ట్రెమెన్స్ అంటారు. వైద్యం అందకపోతే ప్రాణం పోతుంది. ఊళ్లలో దీన్ని 'గాలి సోకింది' అని తాయత్తు కట్టించేవాళ్లు ఇంకా ఉన్నారు.

2020 లాక్‌డౌన్ ఈ సంగతిని బెంగళూరుకు కళ్లారా చూపించింది. మార్చిలో ఉన్నట్టుండి మద్యం షాపులు మూతపడ్డాయి. ఆ రోజుల్లో బెంగళూరు ఆసుపత్రులకు వచ్చిన కేసులను నిమ్హాన్స్ వైద్యులు లెక్కగట్టారు. మానేయడం వల్ల తీవ్ర పరిస్థితిలో వచ్చినవాళ్లు రోజుకు సగటున 4 నుంచి 8కి పెరిగారు. మద్యం దొరక్కుండా చేస్తే మనిషి బాగుపడతాడనుకుంటే పొరపాటు. కొందరు ఆసుపత్రి పాలవుతారు.

అందుకే రోజూ ఎక్కువగా తాగేవాళ్లు, ఇదివరకు ఎప్పుడైనా మానబోయి ఫిట్స్ వచ్చినవాళ్లు యాప్‌ను నమ్ముకుని రూములో ఒంటరిగా మానేయకూడదు. ముందు డాక్టరు. ఆసుపత్రిలో విత్‌డ్రాయల్‌ను తట్టుకునే మందులు, బి1 విటమిన్ ఇచ్చి ఆ కొన్ని రోజులు గట్టెక్కిస్తారు. యాప్ పని మొదలయ్యేది ఆ తర్వాతే. గండం గడిపేది ఆసుపత్రి, గడిచాక మళ్లీ జారకుండా కాసేది ఫోను. ఈ వరస తప్పితే ముప్పే.

ఎవరికి ఏది సరిపోతుందో తెలుసుకోవడం ఎలా? ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారు చేసిన 'ఆడిట్' అనే పది ప్రశ్నల పట్టిక ఉంది. ఎన్నాళ్లకోసారి తాగుతారు, ఒక్కసారికి ఎంత, పొద్దున్నే తాగాల్సి వస్తోందా, ఇంట్లోవాళ్లు తగ్గించమన్నారా వంటి ప్రశ్నలు. మొత్తం మార్కులు 40. ఎనిమిదో, అంతకన్నా ఎక్కువో వస్తే తాగుడు హద్దు దాటుతోందని అర్థం. 20 దాటితే బానిసయ్యే ఉంటారని అనుమానించి డాక్టరును కలవాలి. తక్కువ మార్కులున్నవాళ్లకు యాప్, ఫోన్ కౌన్సెలింగ్ బాగా అక్కరకొస్తాయి. ఎక్కువున్నవాళ్లకు అవి తోడు మాత్రమే.

గుట్టు ఎవరి చేతిలో?

చిక్కపేట కూలీలు ఒక్కో రూములో ఐదారుగురు ఉంటారు. ఫోను మంచం మీద పడేసి స్నానానికి పోతే ఎవరైనా తీసి చూస్తారు. తెరమీద 'తాగుడు మానండి' అన్న యాప్ బొమ్మ కనబడితే చాలు, ఎగతాళి మొదలు. 'ఏం బ్రదరూ, సన్యాసం తీసుకుంటివా?' అంటారు. కాబట్టి ఫోనుకు లాక్ పెట్టుకోండి. మాట్లాడాలంటే రూము కన్నా మెట్రో స్టేషను ముందరి బెంచీయే నయం.

రూములోవాళ్ల కన్నా పెద్ద భయం ఇంకొకటి ఉంది. యాప్‌లో మనం రాసుకున్నది ఎక్కడికి పోతోంది? అమెరికాలో మద్యం అలవాటుకు ఆన్‌లైన్ వైద్యం చేసే 'మాన్యుమెంట్' అనే సంస్థ, రోగుల వివరాలను వాళ్ల అనుమతి లేకుండా ప్రకటనల కంపెనీలకు అందించిందని అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2024లో చర్య తీసుకుంది. అంతా గుట్టుగా ఉంటుందని చెప్పి చేసిన పని అది!

మన దగ్గర 2017 మానసిక ఆరోగ్య చట్టం మద్యం, మత్తుమందుల వల్ల వచ్చే మానసిక స్థితులనూ తన పరిధిలోకి తీసుకుంది. వైద్యం వివరాలు గోప్యంగా ఉంచుకునే హక్కు రోగికి ఇచ్చింది. 2023లో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టమూ వచ్చింది. చట్టాలున్నాయని కళ్లు మూసుకోనక్కర్లేదు. యాప్ వేసుకునేటప్పుడు కాంటాక్టులు, ఫొటోలు, మెసేజ్‌లు చూడటానికి అనుమతి అడిగితే ఎందుకని ఆలోచించండి. తాగుడు మాన్పించడానికి మీ బావమరిది నంబరుతో దానికేం పని? అప్పు యాప్‌లు ఇదే దారిలో వచ్చి ఎన్ని కుటుంబాలను వీధిన పెట్టాయో మనం చూశాం.

ఫోనే వ్యసనమైతే?

ఇంకో చిక్కు కూడా ఉంది. ఫోనే కొందరికి వ్యసనం. నిమ్హాన్స్‌లోనే 2014లో 'షట్' అనే క్లినిక్ తెరిచారు. ఫోను, ఇంటర్నెట్, ఆన్‌లైన్ గేములు వదల్లేనివాళ్లకు అక్కడ వైద్యం చేస్తారు. ఒకే సంస్థలో ఒకవైపు ఫోను మాన్పిస్తున్నారు, ఇంకోవైపు ఫోను ద్వారా తాగుడు మాన్పిస్తున్నారు. విడ్డూరం కాదు. కత్తి కూర కోస్తుంది, వేలూ కోస్తుంది. సీసా పక్కన పెట్టి ఆ ఖాళీలోకి రమ్మీ ఆటను తెచ్చుకుంటే మనిషి బాగుపడినట్టు కాదు.

భాష దగ్గరే అసలు అడ్డం

ఇంగ్లిష్ యాప్‌లు 'మీ ఫీలింగ్స్ రాయండి' అంటాయి. ఏడో తరగతితో చదువాపిన హమాలీ ఏం రాస్తాడు? 'స్టాండర్డ్ డ్రింకులు ఎన్ని' అని అడిగితే ఏం చెబుతాడు? అతనికి తెలిసింది నైంటీ, క్వార్టరు. వైన్ గ్లాసు బొమ్మలు చూపించే యాప్‌కు టెట్రా ప్యాకెట్టు సంగతి తెలియదు. రాయలసీమ తెలుగులో, నొక్కితే మాట్లాడే బొమ్మలతో, క్వార్టర్లలో లెక్కపెట్టే యాప్ కావాలి. చదవక్కర్లేకుండా వినిపించాలి. నెట్ బ్యాలెన్స్ అయిపోయినా పనిచేయాలి. ఇదంతా చేయగల సాఫ్ట్‌వేర్ కుర్రాళ్లు ఈ ఊళ్లోనే లక్షల మంది ఉన్నారు. వాళ్లలో మనవాళ్లెందరో లెక్కలేదు. ఎలక్ట్రానిక్ సిటీలో తెలుగు ఇంజినీరు, చిక్కపేటలో తెలుగు కూలి.. ఇద్దరి మధ్య ఇరవై కిలోమీటర్ల దూరమే. ఎవరైనా ఒకరు పూనుకుంటే చాలు.

అప్పటిదాకా? ఫోన్ కాల్‌కు చదువు అక్కర్లేదు, నెట్ అక్కర్లేదు, బటన్ ఫోను చాలు. మనవాళ్లలో ఎక్కువమందికి ఇప్పటికి అన్నింటికన్నా మంచి 'యాప్' 14416 నంబరే.

ఇంట్లోవాళ్లు ఏం చేయాలి?

● ఊళ్లో ఉన్న భార్య, తల్లి, అన్న కూడా 14416కు ఫోను చేయవచ్చు. తాగేవాడే చేయాలన్న నియమం లేదు. ఎలా మాట్లాడాలో వాళ్లే చెబుతారు.
● తాగి ఉన్నప్పుడు గొడవ పెట్టుకోవద్దు. తెల్లారి, మత్తు దిగాక మాట్లాడండి.
● చెప్పకుండా అన్నంలో, కాఫీలో కలిపే 'తాగుడు మాన్పించే పొడులు' కొనొద్దు. కొన్ని మాత్రలు కడుపులో ఉండగా మద్యం తాగితే ప్రాణానికే ముప్పు. డాక్టరు చెప్పి, రోగి ఒప్పుకున్నాకే ఏదైనా.
● ఒకసారి మానేసి మళ్లీ తాగితే అంతా అయిపోయిందని వదిలేయొద్దు. షుగరు, బీపీ లాగే ఇదీ తిరగబెట్టే జబ్బు. మళ్లీ వైద్యం మొదలుపెట్టడమే.
● కొట్టు యజమానులు ఒక్క పని చేయవచ్చు. నెలకో పూట ఆసుపత్రికి వెళ్లడానికి సెలవు ఇవ్వండి, కూలి కోయకండి. నమ్మకస్తుడైన పనివాడిని పోగొట్టుకోవడం కన్నా అది చవకే.

ఎక్కడ సాయం?

టెలి మానస్: 14416 లేదా 1800-891-4416. 24 గంటలూ, ఉచితం, తెలుగులో.

మత్తు అలవాట్ల జాతీయ హెల్ప్‌లైన్ (నశా ముక్త్ భారత్): 14446. ఉచితం.

పొగాకు క్విట్‌లైన్: 1800-11-2356. ఉచితం.

ఆసుపత్రులు: హొసూరు రోడ్డులోని నిమ్హాన్స్. చిక్కపేట నుంచి నడిచి వెళ్లేంత దూరంలో, సిటీ మార్కెట్ దగ్గరి విక్టోరియా ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. ఊరికి వెళ్లినప్పుడైతే అనంతపురం ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి.

ఆల్కహాలిక్స్ అనానిమస్: తాగుడు మానినవాళ్లే నడిపే బృందాలు. ఫీజు లేదు, పేరు బయటపెట్టరు. బెంగళూరులో సమావేశాలు జరుగుతాయి. ఫోన్లోనూ చేరవచ్చు.

ఫిట్స్, మతి తప్పడం, రక్తవాంతి కనిపిస్తే యాప్ తెరవొద్దు, హెల్ప్‌లైన్ కోసం ఆగొద్దు. వెంటనే 108కి ఫోను చేయండి.